ఓబులేశు చానలు చరిత్ర నేను చదివిన రోజు

పావగడలో ఒక టీవీ చానలు రెండుసార్లు చచ్చిపోయింది. మొదటి చావు దానంతటదే వచ్చింది. ఇంటింటికీ డిష్షులు, చేతిచేతికీ ఫోన్లు వచ్చాక ఊరి చానలు ఎట్లా బతుకుతుంది? రెండో చావుకు మాత్రం పూర్తి బాధ్యుణ్ణి నేనే. అప్పటికి రిటైరై రెండేళ్లే, ఇంకా కుర్రతనం వదల్లేదు.

చానలు నా పాత శిష్యుడు ఓబులేశుది. మేడమీది గదిలో ఒక కెమెరా, ఒక నీలం పరదా పెట్టుకుని మన వార్తలు, మన పెళ్ళిళ్ళు, శెనక్కాయల ధరలు కేబుల్లో ఇంటింటికీ పంపేవాడు. అది మూతపడ్డాక సోలార్ పార్కు వచ్చింది, కొత్త జనం వచ్చారు. తుమకూరు పెద్దమనిషి ఒకాయన, చానలు తాను తీసుకుంటానని, ఓబులేశునే నడపమని కబురు పెట్టాడు. ఓబులేశు పరుగున మా ఇంటికొచ్చాడు.

"మేష్ట్రూ, ఆయన ఆదివారం వస్తాండాడు. చానలు చరిత్ర మీరే చదవల్ల. మీ డైరీల్లో అంతా ఉంటాది కదా!"

"తేదీల్తో సహా ఉండాదిరా!" అన్నాను. కొత్త అల్లుడు కూడా అంత బిగుసుకోడు.

వారం రోజులు డైరీలు ముందేసుకుని, చానలు గురించి కనబడిన ప్రతి మాటా ఎత్తి రాశాను. ఒకసారి చదివి చూసుకోలేదా అంటారా? చూసుకున్నాను. అక్షరదోషం ఒక్కటీ లేదు.

ఆదివారం మేడమీద కుర్చీలు, బోండాలు, కాఫీ. పెద్దమనిషి ముందు వరసలో కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాను.

"సోమవారం. వార్తలు చదివే అమ్మాయి పెదవులు కదిలాయి, మాట రాలేదు. శుక్రవారం. వంటల కార్యక్రమంలో పోపు వేయగానే బొమ్మ పోయింది. బుధవారం. మేక కేబులు కొరికింది, నాలుగు వీధులకు చానలు లేదు. గురువారం. అదే మేక."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఉత్సాహం పొంగింది. ఓబులేశు అదేపనిగా చెయ్యి ఊపుతున్నాడు. గట్టిగా చదవమంటున్నాడనుకుని గొంతు పెంచాను.

పెద్దమనిషి లేచాడు. "ఓబులేశప్పా, మళ్ళా మాట్లాడుకుందాం" అని మెట్లు దిగాడు.

"ఇన్నేండ్లలో ఒక్క దినమన్నా బాగా రాలేదా మేష్ట్రూ, నా చానలు?" ఓబులేశు కళ్ళు తుడుచుకున్నాడు. నా బెత్తం దెబ్బలకు కూడా కళ్ళు తడవని మనిషి.

గబగబా డైరీలు తిరగేశాను. మిగతా పేజీలన్నీ ఖాళీ. మా ఆవిడ రత్నమ్మ కాఫీ గ్లాసులు ఏరుతూ అంది: "బాగా వచ్చిన దినం ఈయప్ప కలం యాడ పట్టినాడు నాయనా? నోరు తెరుచుకోని టీవీ ముందర కూచుంటాండె. బొమ్మ పోతేనే డైరీ గుర్తొచ్చేది."

డైరీలు చంకన పెట్టుకుని మెట్లు దూకినంత పని చేశాను. కారు అద్దం తట్టాను.

"సార్, ఈ ఖాళీ పేజీలు చూడండి! ఇవన్నీ చానలు బ్రహ్మాండంగా నడిచిన దినాలు!"

ఆయన ఓపిగ్గా నాలుగు పేజీలు తిప్పాడు. "మేష్ట్రే, చెడ్డదంతా రాతలో ఉండాది, మంచిదంతా తెల్లకాగితంలో ఉండాది. నేను దేన్ని నమ్మల్లప్పా?"

కారు వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ రాలేదు.

ఓబులేశు ఇప్పుడు రాయచెర్లు దగ్గర సోలార్ ప్లేట్లు కడిగే పనికి పోతున్నాడు. ఆనాటినుంచి నన్ను ఒక్క మాట అనలేదు. బజారులో కనబడితే కాఫీ ఇప్పిస్తాడు. తిట్టినా ఇంత గుచ్చుకోదు.

అందుకే దేవుడి పటం ముందు, రత్నమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట నా కళ్ళముందు ఏది బాగా జరిగినా ఆ రోజే, ఆ పూటే, తేదీ వేసి డైరీకెక్కిస్తాను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. నిన్న ఒక్కరోజే తప్పాను. ఓబులేశు మా ఇంటికొచ్చి, మధ్యాహ్నందాకా ఆ మేక సంగతులు చెప్పి కడుపుబ్బ నవ్వించాడు. డైరీ ఉందన్న సంగతే మరిచిపోయాను.