రావణాసురుని తలకాయలు మొలవని చోటు

నా చిన్నప్పుడు మిర్యాలగూడ దగ్గర మా ఊళ్లో అందరి పెరళ్లలో బంతిపూలుంటే, మా పెరట్లో గడ్డిచామంతి ఉండేది. పొలం గట్ల మీద తనంతట తాను పాకే ఆ పిచ్చిమొక్కను మా నాయనమ్మ తెచ్చి మరీ నాటి, అంట్లు కడిగిన నీళ్లు పోసి పెంచేది. సన్నటి కాడ మీద ఒంటరిగా నిలబడే ఆ పువ్వును మేం రావణాసురుని తలకాయ అనేవాళ్లం. ఒకటి తెంపితే పది లేచేవి. ముసలామెకు మతి పోయిందని వాడకట్టంతా నవ్వేది.

వానలకు పెరడంతా అల్లుకుంది, ఒక్కచోట తప్ప. బండి చక్రమంత నేల గుండ్రంగా, బోసిగా మిగిలింది. నాయనమ్మ అక్కడ ఎన్నిసార్లు నాటినా ఎండిపోయేది. గాలి లేని సాయంత్రాలు ఆ తలలన్నీ చుట్టూ చేరి దాన్నే చూస్తున్నట్టుండేవి. నాకు అటు పోవాలంటేనే భయం.

అడిగితే ఒకనాడు చెప్పింది. సాగర్ కాలువ రాకముందు మాకు జొన్నలు దాచుకునే పాతర, నేలలో తవ్విన లోతైన గొయ్యి, ఉండేదట. చాన్నాళ్లు మూసి ఉన్న దాంట్లోకి గింజలకని నాయనమ్మ చెల్లెలు దిగింది. లోపలి చెడుగాలికి మళ్లీ పలకలేదు. శవాన్ని తీశాక మా తాతయ్య మూతి మీద దుంగలు పరిచి మన్ను కప్పేశాడు. తర్వాత పాత ఇల్లు కూల్చి కట్టారు, తాతయ్యా పోయాడు, గుర్తులన్నీ పోయాయి.

"కింద బోలుంటే వేరు పట్టదు బిడ్డా. దాని జాడకే ఈ మొక్క నాటిన, ఇన్నేండ్లకు దొరికింది. పూలు లేని కాడ కాలు పెట్టకు."

ఆ మాట అంటుండగానే చూశాం. మా చిన్న చెల్లె, శుభ్రంగా ఉందని, ఆ గుండ్రంలోనే కూర్చుని మన్నుతో ఆడుతోంది. నేను అరవబోతే నాయనమ్మ నా నోరు మూసింది. కొంగుముడి విప్పి బెల్లం ముక్క చూపిస్తూ నవ్వింది.

"దా నా తల్లీ. లేవకు, పాకుకుంట దా. బెల్లమిస్త."

చెల్లె పాకుతూ పూలలోకి వచ్చింది. వెనక పుచ్చిన దుంగలు చప్పుడు లేకుండా కుంగిపోయాయి. లోపలినుంచి చల్లగా పాతజొన్నల వాసన వచ్చింది. నాన్న పరుగెత్తుకొచ్చి లాంతరు దించితే ఆరిపోయింది. నాయనమ్మ మా చెల్లెను గట్టిగా పట్టుకుని, గొయ్యి వైపు తిరిగి, "నీకు తోడు ఈ పిల్ల గాదే సెల్లే" అంది.

ఇప్పుడు సూర్యాపేటలో మా ఇంటి వెనక నేనూ గడ్డిచామంతి పెంచుతున్నాను. టైల్స్ వేయిద్దామని కోడలి గోల. ఈ వానలకు అంతా పాకింది, జామచెట్టు కింద ఒక్క గుండ్రం తప్ప. నీడ వల్లేనని అందరూ అంటారు, అదే అయ్యుంటుంది. అయినా మనుమరాలు అటు నడిస్తే నేను అరవను. నవ్వుతూనే పిలుస్తాను, చెయ్యి మాత్రం కొంగుముడిలో బెల్లం కోసం వెతుక్కుంటుంది.