అమ్మ తీసిన కార్డు

జనగామలో నేను కళ్ళద్దాల షాపులో కౌంటర్ దగ్గర ఉంటాను. వచ్చినవాళ్ళతో మాట్లాడటమే పని, నాకు రానిది కూడా అదే. ఎవరైనా ఫ్రేమ్ బాగాలేదంటే నేనే తయారుచేసినట్టు తల దించుకుంటాను. అందుకే ఫోనులో ఆర్డర్ పెట్టి, మనకు మనమే ధైర్యం చెప్పుకునే మాటలుండే అఫర్మేషన్ కార్డుల పెట్టె ఒకటి తెప్పించుకున్నాను. తెలుగులో అచ్చువేసినవే, పేకముక్కలంత ఉంటాయి. పొద్దున హాస్టల్లో ఎవరూ లేవకముందే ఒకటి తీసి, అందులోని మాట మనసులో చదువుకుని, డైరీలో ఆ రోజు పేజీ పైన రాసుకునేదాన్ని. 'నేను చెప్పేది వినదగినదే.' 'నాకు తొందర లేదు.' షాపులో ఏమీ మారలేదు. కానీ లేవగానే నాతో ఎవరో మర్యాదగా మాట్లాడినట్టు ఉండేది.

అమ్మ డోర్నకల్‌లో ఉంటుంది, నాన్న పోయాక ఒక్కతే. ఆ చలికాలం ఆమె రొమ్ములో గడ్డ తగిలింది. వరంగల్ దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే, ఇంకా చిన్నగానే ఉంది, ఇప్పుడే ఆపరేషన్ చేస్తే పోతుంది అన్నారు. తేదీ కూడా ఇచ్చారు. కోయించుకోవడం అమ్మకు ఇష్టం లేదు. అయినా సరేనంది. ముందురోజు సాయంత్రం నేను సెలవు పెట్టి ఇంటికి చేరాను.

మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక పళ్ళెంలో వాగ్దానం కార్డులు తెస్తారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అందులో వచ్చిన బైబిలు వాక్యం ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. మార్చుకోవడం ఉండదు. ఇంటికి తెచ్చి గోడకు అతికించుకుంటాం.

తెల్లవారి నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. స్కానింగ్ కాగితాల కోసం నా బ్యాగు తీసిందట, కార్డుల పెట్టె దొరికిందట. ప్రార్థన చేసుకుని ఒకటి తీసింది. 'నా శరీరం తనను తాను బాగుచేసుకుంటోంది' అని ఉంది దానిమీద. ప్రయాణానికి కట్టుకున్న చీర విప్పి, అప్పటికే ఇంట్లో కట్టే చీర కట్టేసుకుంది.

"పోవుడు లేదు బిడ్డా. మాట వచ్చింది."

"అమ్మా, గవి వాగ్దానాలు కావు. నేను ఫోన్ల కొన్న. ఎవరో కంపెనోళ్ళు అచ్చేసినయి."

"మరి చర్చిలయి? ఆకాశంకెల్లి పడ్డయా? గవి గూడ ప్రెస్సుల అచ్చు కొట్టినయే."

మేము ఎక్కాల్సిన రైలు వచ్చి వెళ్ళిన చప్పుడు ఇంట్లోకే వినిపించింది.

సిగ్గు పక్కన పెట్టి పాస్టరు అయ్యగారిని పిలుచుకొచ్చాను. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో దేవుని పేరే లేదు కదమ్మా అన్నాడు.

"బైబిల్ల దేవుడు గాడిదతోని మాట్లాడిచ్చిండని మీరే చెప్పిన్రు కద అయ్యగారు," అంది అమ్మ. "గా గాడిద కంటె గీ కార్డు తక్వనా?"

అయ్యగారికి నవ్వొచ్చింది. నవ్వకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ నవ్వుతో అమ్మ తానే గెలిచాననుకుంది. దవాఖానకు పోవాలి, దేవుడు డాక్టర్ల చేత కూడా పనిచేయిస్తాడు అని ఆయన ఎంత చెప్పినా, టీ పెట్టి ఇచ్చి పంపించింది. ఆ కార్డును అన్నం మెతుకులతో గోడకు, ఆ ఏటి వాగ్దానం పక్కనే అతికించింది.

నేను జనగామకు వచ్చేశాను. పొద్దున లేచి పెట్టె మూత తీసేదాన్ని. చెయ్యి పోయేది కాదు. ఏ కార్డు వచ్చినా అది అమ్మ చదివితే ఏమనుకుంటుందో అనే వచ్చేది మనసులో. కొన్నాళ్ళకు మూత తీయడం కూడా మానేశాను. ఫోన్ చేసినప్పుడల్లా, ఎట్లుంది అంటే, తగ్గుతుంది అనేది. ఆదివారాలు నేను వెళ్ళి గడ్డ చూపించమంటే కొంగు లాక్కునేది. "కన్నతల్లిని పరీక్ష జేస్తవా?" అని కోప్పడేది.

వానలు పడ్డాక ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆమె చెయ్యి పైకి లేవడం లేదు. బట్టలు తీగ మీద కాకుండా కిటికీ ఊచలకు ఆరేస్తోంది. ఇంట్లో అగరుబత్తి వెలిగించి ఉంది. మేము అగరుబత్తి వెలిగించేవాళ్ళం కాదు. ఎందుకని అడగబోయి, దగ్గరికి వెళ్ళగానే వాసనకు అర్థమై ఊరుకున్నాను. గడ్డ పగిలింది.

"పోదాం పా," అంది ఆమే, నా మొహం చూడకుండా.

వరంగల్‌లో డాక్టరు కట్టు విప్పి చూసి మళ్ళీ కప్పాడు. తర్వాత కాగితాల్లో ఆపరేషన్‌కు ఇచ్చిన పాత తేదీ చూశాడు.

"అప్పుడే రమ్మన్నాం కదమ్మా. ఇన్ని నెలలు ఏం చేశారు?"

"నా బిడ్డకు సెలవు దొరకలే సారూ," అంది అమ్మ తడుముకోకుండా.

ఆయన నావైపు తిరిగాడు. "చదువుకున్నదానివి. తల్లి కోసం ఒక్క రోజు అడగలేకపోయావా?"

గదిలో ఇంకో ఇద్దరు పేషెంట్లు ఉన్నారు, నర్సు ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. అమ్మ మాత్రం నేల చూస్తోంది.

"ఇవ్వలేదు సార్," అన్నాను.

ఇప్పుడు కోయడం కుదరదు, చంకలోకి, ఊపిరితిత్తుల్లోకి పోయింది, ముందు ఇంజెక్షన్లు పెట్టి చూద్దాం అన్నాడు. 'చూద్దాం' అన్నప్పుడు గొంతు తగ్గించాడు.

బయట బల్ల మీద కూర్చున్నాక అడిగాను. "నా మీద ఎందుకు చెప్పినవ్ అమ్మా?"

"మరెవరి మీద చెప్పాలె?"

"జరిగింది చెప్తే అయిపోయేది కద."

"చెప్తే గా సారు నవ్వుతడు. దేవుణ్ణి జూసి నవ్వుతడు." కొంగు లాక్కుంది. "నీ మీద మాట పడితే నేను సర్ది చెప్పుకుంట. ఆయన మీద పడితే నాకు ఇంకెవరున్నరే?"

నేనున్నానని అనలేదు. అనవలసిన చోట నోరు పెగలకపోవడం నాకు అలవాటే, కానీ ఆ రోజు అది కాదు. ఆ మాటతో ఆమెకు ఏం ఒరుగుతుందో నాకు తెలియలేదు.

లోపలినుంచి నర్సు పిలిచింది. లేపడానికి భుజం కింద చెయ్యి పెట్టబోయాను.

"అటు కాదు," అంది అమ్మ. "ఇటు పట్టుకో."