ఎడమ తాళం

మొన్న ఎల్.బి.నగర్‌లో మా షాపు షట్టరుకు మోటారు బిగించడానికి వచ్చిన మెకానిక్, పక్క తాళాలు ఇక అక్కర్లేదని, తాళంచెవులన్నీ ఒకచోట పెట్టమని అడిగాడు. ప్రతి వస్తువుకూ చీటీ అంటించి వరుసలో పెడితే గానీ నాకు తోచదు కాబట్టి తొమ్మిది చెవులనూ కౌంటరు మీద పరిచాను. ఎనిమిదింటికి చీటీలున్నాయి, తొమ్మిదోదానికి లేదు. నా తాళాల్లో దేనికీ అది పట్టదు కూడా. పారెయ్యనా అని అతను చేతిలోకి తీసుకున్నాక గానీ గుర్తుపట్టలేదు. అది దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒకప్పటి నా షాపు పక్కనే ఉన్న జిరాక్స్ షాపు ఎడమ తాళానిది.

మెట్రో స్తంభాల కోసం రోడ్డు నడుమ తవ్వి, రేకులు అడ్డం పెట్టిన ఆ రోజులు మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఎదురుగా కనిపించే షాపుకు రావాలన్నా చుట్టూ తిరిగి రావలసి వచ్చేది, అందుకని ఎవరూ వచ్చేవారు కాదు. సరిగ్గా అప్పుడే నేను ఉద్యోగం వదిలేసి, చదివిన ఎలక్ట్రికల్ ఇంజనీరింగును నమ్ముకుని, ఇన్వర్టర్లూ యూపీఎస్‌లూ బాగుచేసే షాపు పెట్టాను. ఇంట్లో నా నిర్ణయాన్ని మెచ్చుకోనిది మామగారు ఒక్కరే. కాబట్టి ఆయన ముందే ఎక్కువ నవ్వుతూ తిరిగేవాణ్ణి.

పక్క జిరాక్స్ షాపాయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయనది నాదర్‌గుల్ వైపు పాత రైతు కుటుంబం. సేద్యం తమ్ముడికి వదిలి, రెండు జిరాక్స్ మిషన్లతో, కోచింగు పిల్లల నోట్సుల బైండింగుతో ఆ వంశంలో మొదటి దుకాణం తెరిచిన మనిషి. పొద్దున్నే ఇద్దరం సందు మొగదల చాయ్ తాగేవాళ్ళం. బోణీ కాకముందు నోట చెడ్డమాట రాకూడదన్నది అక్కడి కట్టుబాటు గనుక, దందా ఎట్లుందని ఎవరడిగినా జవాబు ఒక్కటే: ఫుల్లు. బోణీ అయ్యాక మాత్రం ఎవరు నిజం చెప్పారని!

ఒక శీతాకాలం అన్న తన షట్టరును నడుము ఎత్తు వరకే లేపడం మొదలుపెట్టాడు. నాకు ఆసక్తి పట్టుకుంది. నోటుబుక్కులో కారణాలు రాసుకున్నాను: స్ప్రింగు వదులై ఉండాలి, పక్క పట్టాలు తుప్పుపట్టి ఉండాలి, లేదా రోడ్డు దుమ్ము. విచిత్రమేమిటంటే లోపల మిషను ఆగకుండా నడిచేది. ఒకరోజు కూర్చుని గమనించాను. మధ్యాహ్నం దాకా ఆ షట్టరు కింద వంగి లోపలికి పోయింది ఇద్దరే, అందులో ఒకరు అడ్రసు కనుక్కోవడానికి. మిషను చప్పుడు మాత్రం తెంపు లేకుండా సాగింది. ఏదో పెద్ద ఆర్డరు దొరికింది, షట్టరు బాగుచేయించుకునే తీరిక లేదు పాపం, అని నిర్ధారించుకుని, మర్నాడు అన్నకు చెప్పకుండానే షట్టరు మెకానిక్‌ను వెంటబెట్టుకుపోయాను. చదువుకున్నవాడు చేసే తప్పు ఇలాగే ఉంటుంది.

మెకానిక్ ఒంటిచేత్తో తోశాడు. షట్టరు గలగలమని పైదాకా పోయింది. స్ప్రింగుకేం కాలేదు సార్ అని అతను వెళ్ళిపోయాడు. ఎండ లోపలిదాకా పడింది. అన్న మిషను దగ్గర నిలబడి, బయటికి వచ్చిన కాగితాలను తీసి మళ్ళీ దానికే పెడుతున్నాడు. ఒకటి అందుకున్నాను. వేడిగా ఉంది, అంచులు ముడుచుకుపోయాయి, మీద ఒక్క అక్షరం లేదు.

అన్న కోపగించుకోలేదు. షట్టరును మళ్ళీ సగానికి దించి, స్టూలు మీద కూలబడ్డాడు.

"బస్సులల్ల మా ఊరోళ్లు పోతుంటరు తమ్మీ. పూర్తిగ లేపితే ఉత్తగ కూసున్నది కనబడ్తది. సప్పుడన్న ఉంటే నడుస్తుందనుకుంటరు." వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు అన్నాడు: "పొద్దుగాల తాళం పట్టుకొని నిలబడ్త. తియ్యనీకి చెయ్యి లేవది. ఎటన్న పోవాల్ననిపిస్తుంది, వాపస్ రాకుంట. మీ వదినకు జెప్పలే."

ఏ యంత్రం చెడినా ముందేం చూడాలో, తర్వాతేం చూడాలో నా దగ్గర జాబితా ఉండేది. దీనికి లేదు. అన్న చెయ్యి పట్టుకుని నా షాపుకు తీసుకొచ్చి, ముందు వరసలో చీటీలు కట్టి పేర్చిన పదకొండు యూపీఎస్‌లలో ఒకదాన్ని ఒక్క వేలితో ఎత్తి చూపించాను. లోపల బ్యాటరీ లేదు, బోర్డు లేదు, ఉత్త డబ్బా. చీటీల మీది పేర్లు నేను కల్పించి రాసినవి. అన్న ఒక్కొక్కటే ఎత్తి చూసుకుంటూ చివరిదాకా పోయాడు.

"ఏంది, ఇంజనీరు సాబ్! నీయి గూడ ఖాళీయేనా? నేనేమో నిన్ను జూసి రోజు కుళ్లుకుంటున్న!"

ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఎక్కడో ఒకచోట అది నవ్వు కాకుండా పోయింది, ఎవరమూ తల తిప్పుకోలేదు.

షట్టరుకు కుడివైపొకటి, ఎడమవైపొకటి రెండు తాళాలుంటాయి. ఆ సాయంత్రమే ఎడమ తాళంచెవులు మార్చుకున్నాం. అంటే నేను రాకుండా ఆయన షాపు తెరుచుకోదు, ఆయన రాకుండా నాది తెరుచుకోదు. నేను అట్టముక్క మీద మూడు నియమాలు రాస్తే, రోజూ పావుగంట మనసులోని మాట చెప్పుకోవాలన్నదాన్ని అన్న "గిదేంది, హాజరు పట్టీనా?" అని కొట్టేశాడు. రెండోదీ పోయింది. మిగిలింది ఒక్కటే: ఒకరు రాకపోతే రెండోవారు ఇంటికి పోవాలి.

వారం తిరగకముందే పోవలసి వచ్చింది. కర్మన్‌ఘాట్‌లో వాళ్ళింటి డాబా మీద అన్న గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. ధైర్యం చెప్పే మాటలు దారిపొడవునా కూర్చుకున్నాను. చివరికి, అన్నా, నా షాపు తెరవాలి, తాళంచెవి నీ దగ్గరుంది అన్నాను, అంతే. తన షాపు కోసమైతే కదిలేవాడు కాదేమో. నా బోణీ ఆగుతుందని స్నానం కూడా చేయకుండా స్కూటరెక్కాడు. తర్వాత నా కోసం ఆయన మా ఇంటికి ఎన్నిసార్లొచ్చాడో లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టనిది బహుశా అదొక్కటే.

జిరాక్స్ షాపు నిలబడలేదు, అది వేరే సంగతి. కానీ చివరిరోజు దాకా ఆ షట్టరు పైదాకా లేచింది, మిషను ఊరికే నడవలేదు. ఇప్పుడు ఆయన బడంగ్‌పేట్‌లో మొక్కల నర్సరీ నడుపుతున్నాడు. షాపు మూసేసిన రోజు తాళంచెవి తిరిగి ఇవ్వబోతే ఉండనీ అన్నాడు.

మోటారు బిగించాక మెకానిక్ బటన్ నొక్కించాడు. షట్టరు దానంతటదే లేచింది. ఇక మీరొక్కరే చాలు సార్, ఎవరి సాయమూ అక్కర్లేదు అని మెచ్చుకోలుగా అన్నాడు. ఎడమ తాళం మాత్రం ఉంచమన్నాను. దాని చెవి ఎవరికివ్వాలా అని అటూ ఇటూ చూశాను. పక్కన కొత్తగా బొటిక్ పెట్టిన అమ్మాయి ఎప్పుడు పలకరించినా, ప్రశ్న పూర్తికాకముందే "సూపర్ సార్" అంటుంది. ఆమె షాపుకు నిలువెత్తు గాజు తలుపు, లోపల అంతా కనిపిస్తుంది. మా కాలపు సగం దించిన షట్టరు ఇచ్చినట్టు, ఏమైందని అడగడానికి అది ఒక్క వంకైనా ఇవ్వదు.