ఎద్దుల కోసం ఇంగ్లీషు అర్జీ

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మాది వనపర్తి సంస్థానంలో ఒక పల్లె. నేను బడి మొహం చూడలేదు. వాళ్లనీ వీళ్లనీ అడిగి ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్చుకుని, సంతలో దొరికిన పాత పుస్తకం పట్టుకుని ఇంగ్లీషు జాతీయాలు కంఠతా పట్టాను. ‘పుట్ అప్ విత్’ అంటే సహించడం, ‘బై హుక్ ఆర్ బై క్రూక్’ అంటే ఎలాగైనా సరే సాధించడం. అలాంటివి ఎన్నో నోటికి వచ్చు.

విత్తనాల వాన పడిన రోజే, మా ఊళ్లో మకాం వేసిన పెద్ద అధికారి సామాను మోయడానికి బంట్రోతులు మా ఎద్దులను వెట్టికి తోలుకుపోయారు. నేల పదును ఆరిపోతే ఆ ఏడు మాకు పంట ఉండదు. ఇంగ్లీషులో అర్జీ రాసి, అమ్మను వెంటబెట్టుకుని డేరాకు వెళ్లాను.

అధికారి చదివి పకపకా నవ్వాడు.

“జాతీయాలు ఇరవై ఉన్నయి. నీకేం గావాల్నో యాడ రాసినవయ్యా?”

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. చూసుకుంటే నిజమే. జాతీయాలన్నీ ఇమిడ్చే యావలో ఎద్దుల మాటే రాయలేదు!

అమ్మ ముందుకొచ్చింది. “దొరా, వాన వడ్డది. మా ఎద్దులను ఇడ్వమనున్రి, ఇత్తనం ఏసుకోవాలె.”

మధ్యాహ్నానికల్లా ఎద్దులు వచ్చేశాయి.

“గంత సదువు సదివి ఎద్దులను మర్సినవేందిరా?” అంది అమ్మ, నాగలి కడుతూ.

ఆ తరువాత ఊళ్లో ఎవరికి అర్జీ రాసిపెట్టినా, కావలసింది మొదటి వాక్యంలోనే రాశాను. అయినా ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఇరవైలో ఒక్కటైనా తప్పని ఆయన చూపించాడా?