పడమటి గదిలో ఊక బస్తాలు

కోడిగుడ్ల అట్టలకు ఒక వాసన ఉంటుంది. తడిసిన కాగితం, కోడిరెట్ట, గోడకు పూసిన జిగురు, మూడూ కలిసిన వాసన. మా అన్నయ్య మనవడు కిషోర్ పాలకొల్లులో గుడ్ల కొట్టు నుంచి ఆ అట్టలు ఆటో నిండా వేసుకొచ్చి, మా పాత ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క గదికి, పడమటి గదికి, నాలుగు గోడలకూ అంటించాడు. వాటి మీద స్పాంజి, స్పాంజి మీద ఎర్ర కర్టెన్లు. కంప్యూటర్, మైకు పెట్టి రికార్డింగ్ స్టూడియో అన్నాడు. కేబుల్ టీవీలో వచ్చే చీరల కొట్టు ప్రకటనలు, క్రిస్మస్ పాటల సీడీలు ఇక్కడే తయారవుతాయట. నన్ను గది మధ్యలో నిలబెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు వాడి అరచేతుల్లోనే చచ్చిపోయింది.

"చూశారా తాతయ్యా, సౌండ్ ప్రూఫ్!"

నాకు ఊపిరాడలేదు. అట్టల వాసన వెనక నుంచి ఊక వాసన వచ్చింది. ఈ గదికి ఇలాంటి వైద్యం నా చిన్నప్పుడే ఒకసారి జరిగింది.

అప్పట్లో అది మండువా ఇల్లు. వానాకాలం నాలుగు వైపుల నుంచీ పెంకుల మీది నీళ్ళు మధ్యలో గంగాళాల్లోకి దూకేవి, ధనుర్మాసంలో పాలేళ్ళు ధాన్యం పొయ్యడానికి కొత్త గడ్డితో పురి చుడుతుంటే మేము గడ్డివాములో దాగుడుమూతలాడి ఒళ్ళంతా దురదలు తెచ్చుకునేవాళ్ళం, మా తాతయ్య అరుగు మీద చుట్ట కాలుస్తూ కాలవ గట్టున పోయే ప్రతివాడి మూడు తరాల తప్పులూ ఏకరువు పెడుతుండేవాడు. వీటన్నిటి మీదా పొద్దున్నే మజ్జిగ కవ్వంతో పాటు ఒక పాట లేచేది. మా నాన్నకు అక్క, మాణిక్యత్త పాట. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామయ్యను పాము కరిస్తే, అత్తకు బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, తెల్లచీర కట్టబెట్టి తెచ్చి మా వంటింట్లో పడేశారు. గొంతు ఒక్కటే తీసుకోవడం మర్చిపోయారు. సున్నపు గోడలకు తగిలి, నున్నటి గచ్చు మీద జారి, పెంకుల దాకా పాకే ఆ గొంతు వింటే అది ఒక మనిషిదంటే నమ్మబుద్ధయ్యేది కాదు.

అట్లతద్దికి ఆడపిల్లలు చీకటితో లేచి, గోంగూర పచ్చడీ పెరుగూ వేసుకుని అన్నాలు తిని, ఉయ్యాలలూగుతూ పాడే పాటలన్నీ అత్త నేర్పినవే. ఆ రోజు మాత్రం ఆవిడ ముత్తయిదువుల కళ్ళబడకూడదు. పాట మధ్యలో మాట మరిచిపోతే పిల్లలు పరిగెత్తుకొచ్చి పెరటి తలుపు బాదేవాళ్ళు.

"అత్తా, ఆ తర్వాత ఏంటత్తా?"

"ఒసే మొద్దూ, నిన్ననేగా చెప్పాను," అంటూ తలుపు వెనక నుంచే చరణం అందించేది. పాట కావాలి, మనిషి వద్దు. అదీ మా ఊరి ఆచారం.

మా చిన్నత్తను చూడడానికి మొగల్తూరు నుంచి పెళ్ళివారు వచ్చారు. పూతరేకులు తింటున్న పెద్దాయన చెవి నిక్కించి, "ఎవరండీ ఆ పాడేది? పెళ్ళికూతురేనా?" అన్నాడు. తాతయ్య కనురెప్ప కూడా కదపలేదు.

"మా పనిమనిషండి."

ఆ మాట వంటింట్లోకి వినపడింది. పాట ఆగింది. పెళ్ళివారి బండి కదలగానే తాతయ్య తీర్పు చెప్పాడు. "పాడొద్దని నేనన్నానా? నిక్షేపంలా పాడుకోమను. గడప దాటి వినపడకూడదు, అంతే." విధవ పాటతో తెల్లవారే ఇల్లని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని ఆయన భయం.

మిల్లు నుంచి ఊక బస్తాలు దిగాయి. పడమటి గదిలో గోడల పొడుగునా, కప్పు దాకా పేర్చారు. కిటికీని బస్తాతో మూశారు, తలుపుకు కొబ్బరి పీచు చాప కొట్టారు. అత్తను లోపల పాడమని, తాతయ్య పశువుల కొట్టం దగ్గర చెవి కాడ చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకా వినపడుతోందిరా. ఇంకో వరస వెయ్యండి."

ఇంకో వరస వేశారు. పాట తలుపు కింది సందులోంచి, గోడకూ పెంకులకూ మధ్య ఖాళీలోంచి హాయిగా బయటికొస్తూనే ఉంది. మళ్ళీ వేశారు. ఊక గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని మింగుతుందే గాని, బయటికి పోయేదాన్ని పట్టి ఆపదు. ఈ ముక్క ఐదో తరగతితో బడి మానేసిన నేను, పెద్దయ్యాక రేడియో రిపేరు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. తాతయ్యకు తెలియదు. తెలుసుకోవాలన్న బుద్ధీ లేదు.

బయట ఊరికంతా వినపడుతున్న పాట, లోపల పాడే మనిషికి వినపడలేదు.

"నోట్లోంచి పోతోంది గాని ఎక్కడికెళ్తోందో తెలీట్లేదురా అబ్బాయ్," అంది నాతో ఒకరోజు, కనుబొమల్లో ఊక దుమ్ముతో. "నూతిలో చేద వదిలితే నీళ్ళ చప్పుడు రానట్టుంది."

చప్పుడు కోసం గట్టిగా పాడింది. ఇంకా గట్టిగా పాడింది. దుమ్ము పీల్చి దగ్గింది, దగ్గుతూనే పాడింది. నాయనమ్మ రాత్రి మిరియాల పాలు ఇచ్చి, పొద్దున్నే మళ్ళీ ఆ గదిలోకే పంపేది.

చిన్నత్త పెళ్ళిలో మంగళహారతి దగ్గర ముత్తయిదువులకు మాట తప్పింది. అలవాటు కొద్దీ అందరి మొహాలూ పెరటి తలుపు వైపు తిరిగాయి. తలుపు వెనక నుంచి చరణం రాలేదు. తుప్పు పట్టిన గిలక తిరిగినట్టు ఏదో వచ్చింది. పెళ్ళివారి పిల్లలు కిసుక్కున నవ్వారు. తలుపు గడియ పడింది.

"చూశావా," అన్నాడు తాతయ్య నాన్నతో, తాంబూలం నములుతూ. "కాస్త ఆలస్యమైనా ఊక పనిచేసింది."

అత్త ఆ తర్వాత చాలాకాలం బతికింది. కసురుకున్నా, నవ్వినా ఆ గిలక గొంతుతోనే. పాట మాత్రం ఎత్తలేదు. చిన్నత్త కాపురం సలక్షణంగా సాగింది. పెద్దల లెక్కలో ఇదంతా లాభమే.

ఇదంతా కిషోర్‌కు చెప్పాను. సగం అట్టలు పీకెయ్యరా, తలుపు సందులు మూసుకోరా, పాడేవాళ్ళకు కాస్త గోడ కనపడనియ్యరా అన్నాను. "మీ కాలం వేరు తాతయ్యా," అన్నాడు. వీధిలో బస్సు హారన్ కొట్టింది. సౌండ్ ప్రూఫ్ గదిలోకి శుభ్రంగా వినపడింది. వాడికి తప్ప.

చర్చిలో పాడే సువార్త అనే పిల్ల నిన్న క్రిస్మస్ పాటకు వచ్చింది. ఎన్నిసార్లు పాడినా కుదరలేదు.

"నా గొంతు నాకే తెలీట్లేదండి," అంది మెడ పట్టుకుని.

"ఇంకొంచెం గట్టిగా పాడమ్మా. తర్వాత కంప్యూటర్లో ఎకో కలుపుతాను. ఇదిగో, 'హాల్' అని బటనే ఉంది."

వాడి నాన్న పెంకులూ దూలాలూ అమ్మేసి నేలమట్టం చేసిన మండువా, ఇప్పుడు వాడి కంప్యూటర్లో ఒక బటన్.

పిల్ల మంచినీళ్ళకని బయటికొచ్చింది. పక్కనే పోసిన కొత్త డాబా మెట్ల కింద నిలబడి, పల్లవి ఒకసారి నెమ్మదిగా అందుకుంది. సిమెంటు గోడలు ఆ గొంతును ఎత్తుకుని పైదాకా తీసుకెళ్ళి తిరిగి ఆమె చేతిలో పెట్టాయి. ఆ పిల్ల ఉలిక్కిపడి, నవ్వి, ఇంకో చరణం ఎత్తింది. అన్నేళ్ళ తర్వాత నా ఒళ్ళు జలదరించింది.

కిషోర్ తలుపు తీసి తల బయటపెట్టాడు.

"బయట పాడకమ్మా! పక్కింటివాళ్ళు గొడవ చేస్తారు. నీ ఇష్టమొచ్చినంత సేపు లోపలే పాడుకో."

పిల్ల నోరు మూసుకుని లోపలికి వెళ్ళింది. మాణిక్యత్త పాట ఏ టేపులోనూ లేదు. విన్నవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకుంటే నాకు వినపడేది గిలక చప్పుడే.