ఉప్పు చూసే చెయ్యి

షామ్‌బర్గ్‌లో మా పై అంతస్తులో ఒక యూదు పెద్దావిడ ఉండేది. మోకాలి ఆపరేషన్ చేయాలంటే ముందు ఇరవై పౌండ్లు తగ్గి రమ్మన్నాడట డాక్టరు. ఎదురుగా వాళ్ల కొత్త సంవత్సరం పండగ.

"మా అమ్మ నేర్పిన వంటలు మాత్రం మానను. పండగనాడు కూర్చుని తినే ఒక్క ప్లేటుతో ఎవరూ లావెక్కరు. వండుతూ రుచి చూసే చెంచాలతోనే ఎక్కుతారు," అని తేల్చేసి, ఆ చెంచాల పని నాకు అప్పజెప్పింది.

పొయ్యి మీద ఏది ఉడికినా పైనుంచి ఫోన్. "ఉప్పు చూద్దువు, రా!"

మొదటిరోజు కోడి సూపు గరిటె నా నోటికే అందించబోయింది. ఆ ఎంగిలి గరిటె మళ్లీ గిన్నెలో పెడుతుందేమోనని హడలిపోయి అరచేయి చాపాను. వింతగా చూసి, రెండు చుక్కలు పోసింది. ఆ తర్వాత మాంసం పులుసయినా, తేనెలో ఉడికిన క్యారెట్లయినా నా అరచేతిలోకే వచ్చేవి.

"డైటింగ్ చేసేది ఆవిడ, వెయిట్ గెయిన్ అయ్యేది నువ్వా?" అనేవాడు మా ఆయన.

పండగనాడు ఆవిడ ఒక్క ప్లేటే, నిండుగా పెట్టుకుని, ముద్దముద్దకీ కళ్లు మూసుకుంటూ తింది. వేసవికల్లా ఇరవై పౌండ్లూ తగ్గింది. ఆపరేషనయ్యాక ఎక్కడో దూరాన బాతెల్ అనే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

మొన్న పండక్కి వీడియో కాల్ చేసింది. పొగలు కక్కే గరిటె ఫోన్ దగ్గరికి తెచ్చి, "ఇక్కడ అందరూ గరిటెలు నాకేవాళ్లే. నువ్వు చెప్పు, ఉప్పు సరిపోయిందా?" అంది.

నవ్వబోయి చూసుకుంటే, నా అరచేయి అప్పటికే ఫోన్ కింద చాపి ఉంది.