దారి దిగకూడని దేశం

ఆరు నెలలు బోస్నియాలో పని నేర్చుకుని రమ్మని ఫ్యాక్టరీలో నన్ను ఎంపిక చేసిన రోజు, మా నాయన అన్నం ముందర కూర్చుని ఫోన్‌లో ఆ దేశపు యుద్ధం వీడియోలు చూశాడు. అవి ఎప్పుడో నా పుట్టుకకు ముందువి. అయినా ఆయనకు బాంబంటే బాంబే. ఆయన హిందూపురంలో దర్జీ, నేను పెనుకొండ దగ్గర కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని.

"సీటు కవరు కుట్టేదానికి యుద్ధం జరిగిన దేశానికి పోవల్లనా? నా మిషను మీద నేర్పిస్తాలే" అన్నాడు.

ఆయన్ను ఏడిపించి విమానమెక్కే ధైర్యం నాకు లేదు. అట్లాగని వదులుకునే పెద్దమనసూ లేదు.

అదృష్టం బాగుండి, ఆ దేశపు ఇంజనీరొకామె అప్పటికే మా ఫ్యాక్టరీకి వచ్చి ఉంది. నాకన్నా కాస్త పెద్దది. ధర్మవరం తీసుకుపోయి వాళ్లమ్మకు పట్టుచీర కొనిపించాను. స్నేహం ముదిరాక ఒక ఆదివారం ఇంటికి పిలిచాను. "నాయన అడిగితే కొండలూ ఏర్లూ చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటా" అని ముందే చెప్పిపెట్టాను. ఆమె ఇంగ్లీషును తెలుగు చేసేది నేనే కదా.

మొదట అంతా నా చేతిలోనే ఉంది. దేశమంతా కొండలూ అడవులేనట, ఏర్లు ఎండాకాలంలో కూడా పారతాయట. అది వినగానే నాయన మెత్తబడ్డాడు. నీళ్ల మాటెత్తితే మా సీమలో ఎవరైనా మెత్తబడతారు. సముద్రం ఒడ్డు మాత్రం మొత్తం కలిపి హిందూపురం నుంచి లేపాక్షి పోయినంతేనంటే, నాయన వాళ్లమ్మ, మా అవ్వ "అయ్యో పాపం" అంది.

"మనుషులెట్లాంటోళ్లు?" అన్నాడు నాయన.

"మూడు రకాలంట. మన మాదిరి సాయిబులు, రెండు రకాల కిరస్తానీలు. ఈమె మన రకమే."

"ఇంకా కొట్టుకుంటారా?"

దానికి ఆమె చాలాసేపు జవాబు చెప్పింది. నేను "లేదంట" అన్నాను.

"ఆ పాప అంతసేపు చెప్తే నువ్వు ఒక్క ముక్క చెప్తాండావేమ్మే?"

"ఇంగ్లీషు అంతే నాయనా, సాగుతుంది."

అవ్వకు ఒకటే అనుమానం. "నమాజు చేస్తాదా?"

"పండగలకు చేస్తుందంట."

"అయితే మీ నాయన మాదిరే" అంది అవ్వ. నాయన ఫ్యాను వైపు చూశాడు.

ఆమె ఉండేది పెనుకొండలో. దిగబెట్టి, కోట కూడా చూపిద్దామని నలుగురం బస్సెక్కాం. వానలు పడి, మేం కోటకు నడిచే కొండదారి పక్కనంతా చెంచలాకు లేచి ఉంది. మా సీమ ఆడవాళ్లు ఆకు కనబడితే ఆగరు. ఎవరి చేనని అడగరు, ఒడి కట్టుకుని దిగిపోతారు. పెళ్లికి పోతూ పోతూ పప్పుకు ఆకు కోసుకున్న మనిషి మా అవ్వ. "ఎంత లేతగా ఉండాదో" అంటూ దారి దిగి మోకాటెత్తు గడ్డిలోకి నడిచింది.

వెనక అరుపు వినిపించింది, వాళ్ల భాషలో. మేం తిరిగి చూసేలోపు ఆమె గడ్డిలోకి దూకి, అవ్వను రెండు చేతులా వాటేసుకుని కదలకుండా పట్టుకుంది. మేం పామనుకున్నాం.

పాము లేదు. అవ్వ నవ్వుతూ "ఇడ్సు పాపా, ఆకు నలుగుతాంది" అంటోంది. అప్పుడు ఆమె తన కాళ్లకేసి చూసుకుంది. పిలిస్తే రాలేదు, అడుగే పడలేదు. అవ్వ నవ్వు ఆపేసింది. ఏమైందని అడగలేదు. చెయ్యి పట్టుకుని, తెలుగు రాని ఆ పిల్లతో "నేను తొక్కిన తావే తొక్కు, రా" అంటూ మెల్లగా దారి మీదికి తెచ్చింది.

బండ మీద కూర్చుని నీళ్లు తాగాక ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "ఈసారి ఒక్క మాట గూడా మింగద్దు" అన్నాడు నాయన. మింగలేదు. యుద్ధంలో పాతిన బాంబులు ఇంకా కొన్ని కొండల్లో మిగిలి ఉన్నాయి. అక్కడ పుర్రె బొమ్మతో ఎర్ర బోర్డులుంటాయి. ఊళ్లలో, రోడ్ల మీద భయం లేదు కానీ కొండల్లో గుర్తులు పెట్టిన దారి వదిలి పక్కకు దిగకూడదు. వాళ్ల చిన్నాయన పుట్టగొడుగుల కోసం దిగి, మళ్లీ రాలేదు. "ఇది ఇండియా అని నాకు తెలుసు. గడ్డిలోకి పోతున్న ముసలమ్మను చూసేసరికి మర్చిపోయాను" అంది. తర్వాత నా వైపు తిరిగి సారీ చెప్పింది.

నా ప్రయాణం అక్కడితో సరి అనుకున్నాను. ఆమె మీద కోపం వచ్చింది. అంత భయపడిన మనిషి పక్కన కూర్చుని నా టికెట్టు గురించి ఏడుస్తున్నందుకు సిగ్గూ వేసింది.

ఆమెను రూములో దిగబెట్టి తిరుగు బస్సెక్కాం. సగం దారిలో అవ్వే అడిగింది.

"ఏమిరా, బిడ్డను పంపిస్తాండావా లేదా?"

"కొండల్లో బాంబులుండాయని నువ్వూ వింటివి కదమ్మా."

"వింటి. గడ్డిలో బాంబుండాదనుకొనే కదరా ఆ పిల్ల నా కోసరం దూకింది."

హిందూపురంలో బస్సు దిగేటప్పుడు నాయన నా వైపు చూడకుండానే అన్నాడు:

"ఆ దేశంలో ఆ పాప ఇంటి పక్కనే నీకు రూము చూడమని చెప్పు."